నీటిపై తేలేవాటి లెక్క: ఒక్క సగటు చాలదు

గత వర్షాకాలంలో మాదాపూర్‌లో జరిగిన ఒక సమావేశానికి వెళ్లి రాజేంద్రనగర్‌కు తిరిగి వస్తూ, దుర్గం చెరువు తీగల వంతెన దగ్గర కొద్దిసేపు ఆగాను. ముందు రోజు రాత్రి గట్టి వాన పడింది. కాలిబాట మీది నుంచి కిందికి చూస్తే వరద నీటితో వచ్చిన నురగ, నాచు, ఆకుల తుక్కు, చిన్న చిన్న గుర్రపుడెక్క పిలకలు నీటిపై పరచుకొని కనిపించాయి. పరచుకొని అన్నాను గాని, ఆ మాట సరైనది కాదు. అవి ఎక్కడా సమంగా పరచుకోలేదు. పొడవాటి తీగలుగా సాగాయి. ప్రతి తీగ నుంచి సన్నని పోగులు చీలాయి. పోగుల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు, ఆ ఖాళీలలో మళ్లీ ఇంకా సన్నని పోగులు. దూరం నుంచి చూసినా, కళ్లు చిట్లించి ఒక మూలనే చూసినా బొమ్మ తీరు ఒక్కటే.

అంతకు గంట ముందే సమావేశంలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ యువకులు డ్రోన్ చిత్రాల సాయంతో చెరువుల్లో తేలే కలుపును కొలిచే విధానాన్ని చూపించారు. చిత్రం అద్భుతంగా ఉంది. చివరకు ఆ చిత్రమంతా ఒకే ఒక అంకెగా, ఉపరితలంలో ఇంత శాతం కలుపుగా, తేలిపోయింది. హాజరైన మా వ్యవసాయ శాస్త్రవేత్తలలో ఎవరూ ఆ అంకెను ప్రశ్నించలేదు. నేనూ ప్రశ్నించలేదు. ప్రశ్న వంతెన మీద నిలబడినప్పుడు తట్టింది. ఇటువంటి బొమ్మకు ఒక సగటు చెప్పడంలో అర్థమేమిటి? చెప్పినా, ఆ సగటు దేనిపై ఆధారపడి ఉంటుంది?

ఈ విషయాన్ని భౌతిక శాస్త్రవేత్తలు ఎప్పుడో పరిశీలించారు. మన సాగు శాస్త్రంలోకి మాత్రం అది ఇంకా రాలేదన్నది నా అభిప్రాయం.

ముందు కారణం చూద్దాం. నీరు నొక్కితే కుదించుకుపోయే పదార్థం కాదు. ఒక చోటికి ఎంత నీరు వస్తుందో అంతే బయటికి పోవాలి. అందువల్ల నీటిలో పూర్తిగా కలిసిపోయిన రంగు, ప్రవాహం ఎంత సుడులు తిరిగినా, క్రమంగా పలచబడి అంతటా సమంగా వ్యాపిస్తుంది. నీటిపై తేలే వస్తువు సంగతి వేరు. అడుగు నుంచి నీరు పైకి ఉబికే చోట ఉపరితలం నాలుగు దిక్కులా విస్తరిస్తుంది. తేలే వస్తువులు అక్కడి నుంచి దూరంగా నెట్టబడతాయి. పక్కనే నీరు కిందికి దిగే చోటు ఉంటుంది. అక్కడికి చేరిన నీరు అడుగుకు పోతుంది, తేలే వస్తువు పోలేదు. అది ఆ గీత మీదే నిలిచిపోతుంది. అంటే మూడు దిశలలో కుదించడానికి లొంగని నీరే, తేలే వస్తువు దృష్టిలో, కుదించుకుపోయే రెండు దిశల ప్రవాహంలా ప్రవర్తిస్తుంది.

దీనికి సంక్షుబ్ధ ప్రవాహంలోని సుడులు తోడవుతాయి. ప్రతి సుడీ తేలే వస్తువుల గుంపును ఒక వైపు సాగదీసి, మరో వైపు నొక్కి, మడతపెడుతుంది. దాని లోపలి చిన్న సుడి అదే పనిని చిన్న కొలతలో చేస్తుంది. చపాతీ పిండిని సాగదీసి మడిచి మళ్లీ సాగదీసినట్లు ఇది కొన్ని క్షణాలలోనే పలుమార్లు జరుగుతుంది. ఫలితంగా ఏర్పడే బొమ్మ గీతా కాదు, తలమూ కాదు. గీతకు మితి 1, తలానికి మితి 2. ఈ బొమ్మకు వాటి మధ్య ఉండే భిన్నపు మితి ఉంటుంది. ఇటువంటి ఆకృతులకే బెన్వా మాండెల్‌బ్రాట్ 1975లో ఫ్రాక్టల్ అని పేరు పెట్టాడు.

1993లో జాన్ సోమెరర్, ఎడ్వర్డ్ ఆట్ సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో మైలురాయి. క్రమం లేకుండా కదిలే ద్రవంపై తేలే కణాలు ఫ్రాక్టల్‌గా అమరుతాయని చూపడంతో వారు ఆగలేదు. ప్రవాహం కణాలను సాగదీసే, నొక్కే వేగాలను బట్టి ఆ బొమ్మ మితిని ముందే లెక్కగట్టవచ్చని చూపారు. తరువాతి కాలంలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గోల్డ్‌బర్గ్ బృందం, మీటరు పొడవు, మీటరు వెడల్పు గల తొట్టెలో అడుగు నుంచి నీటి ధారలతో నిజమైన సంక్షుబ్ధ ప్రవాహాన్ని సృష్టించి, కంటికి ఆనని తేలికపాటి కణాలను పైన చల్లి వేగవంతమైన కెమెరాలతో చిత్రించింది. సమంగా చల్లిన కణాలు చూస్తుండగానే పోగులుగా మారాయి.

ఆ ప్రయోగంలో ఒక జాగ్రత్త మనవారు గమనించదగినది. నీటి ఉపరితలాన్ని అతి శుభ్రంగా ఉంచడానికి వారు ఎంతో శ్రమపడ్డారు. తలతన్యతను తగ్గించే పదార్థం సన్నని పొరగా ఏర్పడినా, ఆ పొర ఒక చర్మంలా నొక్కుడును ఎదిరిస్తుంది, కణాలు గుమిగూడే తీరు మారిపోతుంది. మన నగర చెరువుల్లోకి వచ్చేది సబ్బు నీరు. కాబట్టి ప్రయోగశాలలో వచ్చిన మితిని తెచ్చి దుర్గం చెరువుకో, హుస్సేన్‌సాగర్‌కో అతికించడం తప్పు. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు అందించిందని చెప్పుకునే చెరువు ఉపరితలం మీద ఇప్పుడు ఏ పొర ఉందో ముందుగా తెలుసుకోవాలి.

మరో హెచ్చరిక కూడా అవసరం. నీటిపై కనిపించే ప్రతి గుంపూ సంక్షుబ్ధ ప్రవాహం వల్ల వచ్చినది కాదు. పాలలో వేసిన మరమరాలు ఒకదాన్నొకటి అంటుకొని గిన్నె అంచుకు చేరడం తలతన్యత వల్ల. గాలి వీచే దిశలో నురగ సమాంతర చారలుగా ఏర్పడడం మరో కారణం వల్ల. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1927లో అట్లాంటిక్ మహాసముద్రం మీద ప్రయాణిస్తూ సముద్రపు పాచి ఇటువంటి చారలుగా ఉండడం గమనించి, 1938లో దాని వెనుక ఉన్న జంట సుడులను వివరించాడు. గుర్రపుడెక్క విషయంలోనైతే మొక్క తనంతట తాను పిలకలు వేసి గుంపు కడుతుంది. వీటన్నింటినీ ఫ్రాక్టల్ అని పిలిచేసి వ్యాసం రాసేయడం సులభమే. 1998లో డేవిడ్ అవ్నిర్, ఆయన సహచరులు సైన్స్ పత్రికలోనే, ఫ్రాక్టల్ అని ప్రకటించిన ఎన్నో కొలతలను పరిశీలించి, వాటిలో చాలావరకు పదిరెట్లకు కాస్త మించిన కొలతల పరిధిలోనే నిలుస్తాయని తేల్చారు. అరమీటరు నుంచి పది మీటర్ల వరకు ఒక తీరు కనిపిస్తే, ఆ పరిధిలో మాత్రమే ఆ మాట వాడాలి. అంతకు మించి వాడితే అది అలంకారం.

ఇన్ని షరతులు పెట్టిన తరువాత మనకు మిగిలేది ఏమిటి? చాలా మిగులుతుంది. లెక్క చూడండి. ఒక చెరువు ఉపరితలాన్ని నిలువుగా 100, అడ్డంగా 100 భాగాలు చేస్తే 10,000 గళ్లు వస్తాయి. తేలే మొక్కల బొమ్మకు మితి 1.5 అనుకుందాం, ఇది ఉదాహరణకు తీసుకున్న విలువ మాత్రమే. అప్పుడు మొక్కలు ఉండే గళ్లు 100కు 1.5 ఘాతం, అంటే సుమారు 1,000. మిగిలిన 9,000 గళ్లు ఖాళీ. పరిశీలకుడు యాదృచ్ఛికంగా పది చోట్ల చట్రం వేస్తే, పదీ ఖాళీగా వచ్చే అవకాశం 35 శాతం. మూడు సర్వేలలో ఒకటి ఈ చెరువులో తేలే కలుపే లేదని రాస్తుంది. ఆ పరిశీలకుడు ఏ తప్పూ చేయలేదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఉన్న పొరపాటు చూడండి. మొక్కలు కనిపించిన చోటే చట్రం వేయడం మన పరిశీలకులకు అలవాటు. ఖాళీ నీటిలో చట్రం వేస్తే పని చేసినట్లు అనిపించదు. సమంగా పరచిన వస్తువులైతే చట్రం భుజాన్ని రెట్టింపు చేసినప్పుడు మొక్కల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. మితి 1.5 ఉన్న గుంపులో, మొక్క చుట్టూ వేసిన చట్రంలో, అది 2.83 రెట్లే అవుతుంది. చట్రం పెరిగిన కొద్దీ సాంద్రత పడిపోతుందన్న మాట. అరమీటరు చట్రంతో కొలిచిన సాంద్రతనే 16 మీటర్ల స్థలానికి వర్తింపజేస్తే, అసలు ఉన్నదానికి సుమారు 5.7 రెట్లు ఎక్కువ చెప్పినట్లవుతుంది. ఒకే చెరువు, ఒకే రోజు, ఇద్దరు నిజాయితీపరులు. ఒకరి నివేదికలో శూన్యం, మరొకరి నివేదికలో ఆరింతలు.

డ్రోన్ చిత్రం చెరువంతటినీ చూస్తుంది కదా, అక్కడ నమూనా సమస్య లేదు కదా అని సమావేశంలోని యువకులు అనవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. మొత్తం ఎంత అన్న ప్రశ్నకు పూర్తి చిత్రం కంటే మెరుగైన సమాధానం లేదు. కాని చిత్రానికీ చట్రం ఉంది, దాని పేరు పిక్సెల్. కలుపు తాకిన ప్రతి పిక్సెల్‌నూ కలుపుగా లెక్కిస్తే, మితి 1.5 ఉన్న బొమ్మలో పిక్సెల్ భుజం పదిరెట్లయినప్పుడు కలుపు విస్తీర్ణం 3.2 రెట్లుగా కనిపిస్తుంది. పిక్సెల్‌లో సగానికి పైగా పచ్చదనం ఉంటేనే లెక్కించాలని నియమం పెడితే, సన్నని పోగులన్నీ మాయమై విస్తీర్ణం తగ్గిపోతుంది. సెంటినెల్-2 ఉపగ్రహం కంటికి కనిపించే రంగులలో ఇచ్చే పిక్సెల్ 10 మీటర్లు. డ్రోన్ ఇచ్చేది కొన్ని సెంటీమీటర్లు. నిరుడు ఉపగ్రహంతో, ఈ ఏడు డ్రోన్‌తో కొలిచి కలుపు పెరిగిందనో తగ్గిందనో నిర్ణయిస్తే, పెరిగింది తగ్గింది కలుపు కాకపోవచ్చు, పిక్సెల్ కావచ్చు. కలుపు తొలగింపు పనులకు ప్రజాధనం కేటాయించేది ఇటువంటి అంకెలను చూసే. శాతం పక్కన పిక్సెల్ పరిమాణం, లెక్కించిన నియమం రాయని నివేదికను మన విశ్వవిద్యాలయాల వారు అంగీకరించకూడదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక సాగునీటి చెరువులో తేలే కలుపును కొలవడానికి నా విద్యార్థి ఒకరు తెప్ప మీద వెళ్లి 20 చోట్ల చట్రం వేశాడు. పదమూడింటిలో ఏమీ లేదు. అయిదింటిలో నాలుగైదు మొక్కల చొప్పున ఉన్నాయి. రెండింటిలో చట్రం నిండా గుర్రపుడెక్క, అంతరతామర కిక్కిరిసి ఉన్నాయి. మొత్తం మొక్కలలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ రెండు చట్రాలలోనే ఉన్నాయి. పట్టిక చూసి నేను ఆ రెండు విలువలనూ అసాధారణమైనవని కొట్టివేయించాను. ప్రామాణిక దోషం చక్కగా తగ్గింది. సగటు మూడో వంతు కంటే తక్కువకు దిగింది. కలుపు స్వల్పస్థాయిలో ఉందని, ఈ సీజనుకు తొలగింపు అక్కర లేదని మేము రాసి ఇచ్చాము. ఆ ఏడు నీరు వదిలినప్పుడు తెప్పలు తెప్పలుగా కలుపు తూము దగ్గరికి చేరి అడ్డుపడింది. చివరి ఆయకట్టు రైతులు నాట్లు వేసుకున్న మడులకు నీటి కోసం రాత్రుళ్లు తూము దగ్గర కాపలా కాశారు. ఆ రెండు చట్రాలు అసాధారణం కాదు; ఆ చెరువులోని కలుపు అంటే అవే. మిగిలిన పద్దెనిమిది దాని అంచులు.

మన కీటక శాస్త్ర మిత్రులు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. రోథామ్‌స్టెడ్‌లో పనిచేసిన ఎల్. ఆర్. టేలర్ 1961లో నేచర్ పత్రికలో, జీవుల సంఖ్యలో విస్తృతి సగటుకు ఒక ఘాతంగా పెరుగుతుందని చూపాడు. పురుగుల నమూనాలకు ఎన్ని మొక్కలు చూడాలో నిర్ణయించడానికి వారు ఆ సూత్రాన్ని వాడుతున్నారు. సాగు శాస్త్రంలో మనం చేసేది, కలుపు సంఖ్యకు 0.5 కలిపి వర్గమూలం కట్టడం. ఎందుకు కడుతున్నావని మౌఖిక పరీక్షలో అడిగితే, అందరూ కడతారు కాబట్టి అని నిజాయితీగా చెప్పిన విద్యార్థిని నేను ఎరుగుదును. ఆ రోజు ఆమెకు మంచి మార్కులే వేశాము. విస్తృతి సగటుతో సమానంగా ఉండే సందర్భాలకు ఆ వర్గమూలం సరిపోతుంది. విస్తృతి సగటు వర్గంతో పోటీపడే చోట సంవర్గమానం కావాలి. ఏ రూపాంతరమైనా చట్రం పరిమాణాన్ని బట్టి మారే సాంద్రతను మాత్రం చక్కదిద్దలేదు.

ఇది చెరువులకే పరిమితమైన చర్చ కాదు. వరి మడిలో అజొల్లా సంగతి తీసుకోండి. మడిలోని నీరు చాలావరకు నిశ్చలం. మడవ దగ్గర తప్ప సంక్షోభం ఉండదు. అజొల్లాను ఒక మూలకు తోసేది గాలి, ఆపేది గట్టు. కాబట్టి అక్కడి గుంపులకు ఫ్రాక్టల్ మితి వెతకమని నేను చెప్పడం లేదు. కాని నమూనా తీసేవాడి కష్టం అదే. గట్టు మీద నిలబడి చేయి చాపితే అందే మూలలోనే అజొల్లా దట్టంగా ఉంటుంది. మడి మధ్యకు దిగాలంటే మోకాలి లోతు బురద. గట్టు పక్కన తీసిన తాజా బరువును ఎకరానికి లెక్కగట్టి, అందులోని అనబీనా స్థిరీకరించే నత్రజనిని అంచనా వేసి, అంత మేరకు యూరియా తగ్గించుకోమని సలహా ఇస్తే, నష్టపోయేది రైతు. మడి మధ్యలో పైరు పసుపు రంగుకు తిరిగినప్పుడు ఆయన అజొల్లాను నిందిస్తాడు, ఆ తరువాత విస్తరణ శాస్త్రవేత్తను. అజొల్లా పని చేయదని కొందరు రైతులు నాతో అన్నప్పుడు, ఆ తీర్పు వెనుక మన చట్రం పాత్ర ఎంతో అని నాకు అనుమానం కలుగుతూనే ఉంటుంది.

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఒకే కొలత చట్రానికి బదులు ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు నాలుగు చట్రాలు, అరమీటరు, మీటరు, రెండు, నాలుగు మీటర్లవి, వెదురు బద్దలతోనో ప్లాస్టిక్ గొట్టాలతోనో చేయించుకోవచ్చు. చట్రం పడే చోటును ముందే పటం మీద నిర్ణయించి, ఖాళీ వచ్చినా ఖాళీగానే నమోదు చేయాలి. ఎత్తైన గట్టు మీది నుంచో వంతెన మీది నుంచో సెల్‌ఫోనుతో తీసిన చిత్రం కూడా పనికివస్తుంది. దాన్ని ముద్రించి గ్రాఫు కాగితం మాదిరి గళ్లు గీసి, కలుపు తాకిన గళ్లను లెక్కించి, గళ్లను సగం చేసి మళ్లీ లెక్కించాలి. పక్కవాటు చిత్రంలో దూరపు గళ్లు చిన్నవిగా కనిపిస్తాయి గనుక నిట్టనిలువుగా తీసిన భాగాన్నే వాడడం మంచిది. గళ్ల భుజాన్ని సగం చేసినప్పుడు నిండిన గళ్ల సంఖ్య నాలుగు రెట్లయితే సగటును నిశ్చింతగా వాడుకోవచ్చు. మూడు రెట్లు దాటకపోతే సగటు పక్కన చట్రం కొలత రాయనిదే ఆ అంకెకు విలువ లేదు. వాన వెలిసిన ఎన్ని గంటలకు కొలిచారు, గాలి ఏ దిక్కు నుంచి ఉంది అన్నవి కూడా పుస్తకంలోకి ఎక్కాలి. నేను వంతెన మీద నుంచి చూసిన బొమ్మ సాయంత్రానికి ఉండి ఉండదు.

అధికారులకు, రైతులకు ఒకే అంకె కావాలి, ఇన్ని వివరాలు వినే ఓపిక వారికి లేదు అని సహోద్యోగులు కొందరు అంటారు. తూములో కలుపు అడ్డుపడిన రైతుకు కావలసింది సగటు అని నేను అనుకోను. కలుపు ఎక్కడ పోగుపడుతుంది, నీరు వదిలితే ఎటు వస్తుంది అన్నదే ఆయన ప్రశ్న. ఈ ప్రశ్నకు సగటు కంటే పటమే బాగా జవాబు చెబుతుంది. ఆ పటాన్ని తయారు చేయగల యంత్రాలు, మనుషులు రాజేంద్రనగర్‌కు గంట దూరంలోని సైబరాబాద్‌లోనే ఉన్నారు. వారిని మనం శాతం అడుగుతున్నాం కాబట్టి శాతం ఇస్తున్నారు.

నాటి విద్యార్థి ఇప్పుడు ఒక జిల్లాలో విస్తరణ శాస్త్రవేత్తగా పనిచేస్తున్నాడు. ఈ వ్యాసం రాసే ముందు ఫోన్ చేసి, పాత క్షేత్ర పుస్తకం ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఎర్ర సిరాతో నేను కొట్టించిన గీతల కింద ఆ రెండు అంకెలు ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉన్నాయట. పుట ఫోటో తీసి పంపమన్నాను. వచ్చే సెమిస్టరులో కలుపు యాజమాన్యం తరగతి మొదటి రోజున విద్యార్థులకు ఆ పట్టిక ఇచ్చి, సగటు కట్టమని అడగబోతున్నాను.